జైల్లో తయారైన బెంచీలు, జంపఖానాలు ప్రభుత్వ ఆఫీసుకి కొనడం ఎలా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ప్రభుత్వ బడుల్లో, హాస్టళ్లలో, బ్లాకు ఆఫీసుల్లో స్టోర్సు చూసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఏటా అవే అవసరాలు: బెంచీలు, పిల్లలు కూర్చునే జంపఖానాలు, దుప్పట్లు, ఫినాయిలు, ఫైలు అట్టలు. ఏటా అదే షాపుకి ఫోను. ఇవన్నీ జైలు వర్క్‌షాపుల్లో కూడా తయారవుతాయని, ప్రభుత్వ ఆఫీసు అక్కణ్నుంచి నేరుగా కొనొచ్చని చెబితే మాత్రం "జైలుతో మనకెందుకండీ గొడవ, రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెప్తాం" అంటారు. ఆడిట్ సంగతి పెద్ద కష్టం కాదు. ఫైలు సరిగ్గా ఉంటే ఒక శాఖ ఇంకో శాఖ దగ్గర కొన్నట్టే లెక్క. అసలు చిక్కు టైముతో వస్తుంది. అది ముందే చూసుకున్నవాళ్లకి మిగతా పని సులువు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. పాపం ఖైదీలు అని జాలిపడి కొనొద్దు, చవగ్గా వస్తుందని ఎగబడీ కొనొద్దు. వస్తువు బాగుంటేనే కొనండి, దాని ధర న్యాయంగా ఇవ్వండి.

ఏ జైలుకి రాయాలి?

మీ ఊళ్లో ఉన్న సబ్ జైలుకి వెళ్లి బెంచీలు కావాలంటే పని జరగదు. పర్లాకిమిడి, గుణుపురం లాంటి చోట్ల ఉన్నవి సబ్ జైళ్లు. అక్కడ ఎక్కువమంది విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లు. దేశం మొత్తం మీద కూడా పరిస్థితి ఇదే. 2022 జైలు గణాంకాల ప్రకారం 5,73,220 మంది ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. వాళ్లని బలవంతంగా పనిలో పెట్టకూడదు. తప్పనిసరిగా పని చేయాల్సింది కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్లే. సాధారణ శిక్ష పడ్డవాళ్లు కోరుకుంటే పని ఇస్తారు, కానీ పని సరిగ్గా చేయలేదని తిండి కోటాలో మార్పు తప్ప వాళ్లకి వేరే శిక్ష వేయడానికి లేదు. 1894 నాటి ప్రిజన్స్ యాక్టులోనే ఈ మాట ఉంది.

కాబట్టి వర్క్‌షాపు అనదగ్గది, పెద్ద ఆర్డరు పట్టగలిగేది శిక్ష పడ్డవాళ్లు ఎక్కువగా ఉండే సర్కిల్ జైలులోనే. మన వైపు అలాంటివి రెండు: బరంపురం, కొరాపుట్. గజపతి, గంజాం వాళ్లకి బరంపురం దగ్గర. రాయగడ వాళ్లు రెండింటికీ రాసి, రేట్లు చూసుకుని నిర్ణయించుకోండి.

మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న సిరొంచ, రాజురా, ధర్మాబాద్, దెగ్లూరు వాళ్లకీ లెక్క ఇదే. పక్కనున్న జిల్లా జైలుకి కాకుండా సెంట్రల్ జైలుకి రాయాలి. చంద్రపూర్, గడ్చిరోలి వైపు వాళ్లకి నాగ్‌పూర్, నాందేడ్ వైపు వాళ్లకి ఛత్రపతి శంభాజీనగర్, అంటే పాత ఔరంగాబాద్‌లోని హర్సూల్. జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయం కాబట్టి రేట్లు, కూలి, కొనుగోలు ఉత్తర్వులు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఇక్కడ నేను ఒడిశా పద్ధతే చెబుతున్నాను.

మొదటి ఉత్తరం

సూపరింటెండెంటు పేరున ఉత్తరం రాయండి. ఒడియాలో రాస్తే మంచిది, ఇంగ్లీషులో రాసినా నడుస్తుంది. ఇది ఆర్డరు కాదు, ఆరా మాత్రమే. మూడు విషయాలు అడగాలి: ప్రస్తుతం ఏమేం తయారు చేస్తున్నారు, అనుమతి పొందిన రేట్ల పట్టిక ఏది, మీకు కావాల్సిన సంఖ్య తయారు చేయడానికి ఎంత కాలం పడుతుంది. జైల్లో ఇది దొరుకుతుంది, అది దొరుకుతుంది అని ఎవరో చెప్పిన మాట మీద ఇండెంటు (సరుకు కావాలని కోరే కాగితం) పెట్టకండి. నేత నేర్పే మనిషి బదిలీ అయితే మగ్గం మూలపడుతుంది. వడ్రంగం తెలిసిన ఖైదీ విడుదలైపోతే ఆ విభాగం నెమ్మదిస్తుంది. నిరుడు చేసినవి ఈ ఏడు చేస్తారన్న గ్యారంటీ లేదు.

ఉత్తరంలో కొలతలు రాయాలి. "ఇద్దరు పిల్లలు కూర్చునే బెంచీ 40" అని రాస్తే వాళ్లకి తోచినట్టు చేసిపెడతారు. మూడో తరగతి పిల్లలకా, తొమ్మిదో తరగతి వాళ్లకా? కూర్చునే పలక ఎత్తెంత? డెస్కు కింద పుస్తకాల అర కావాలా? చెక్కా, ఇనుప ఫ్రేముకి బిగించిన ప్లైవుడ్డా? మీ బళ్లో ఇప్పుడున్న వాటిలో పిల్లలకి సరిపోయిన బెంచీ ఏదో చూసి, టేపుతో కొలిచి, చేత్తో బొమ్మ గీసి జత చేయండి. పెద్ద డ్రాయింగు అక్కర్లేదు.

ఫైలు మీద ఏం ఉండాలి?

రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసైతే ఒడిశా జనరల్ ఫైనాన్షియల్ రూల్సు, ఆర్థిక శాఖ కొనుగోళ్ల మీద ఇచ్చిన తాజా ఉత్తర్వు చూడాలి. కొటేషన్ లేకుండా ఎంతవరకు, కమిటీతో ఎంతవరకు, టెండరు ఎప్పుడు అన్న పరిమితులు అందులోనే ఉంటాయి, మారుతూ ఉంటాయి. పాత జిరాక్సు నమ్ముకోకుండా ఈ ఏడాది నడుస్తున్న ఉత్తర్వు ఫైల్లో పెట్టండి. ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖ హాస్టళ్ల వాళ్లయితే డబ్బు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి వస్తోందా, జిల్లా ఆఫీసు నుంచి వస్తోందా అన్నది కూడా చూసుకోవాలి. డబ్బు ఎవరిదైతే మంజూరు సంతకమూ వాళ్లదే.

పోస్టాఫీసు, రైల్వే, కేంద్రీయ విద్యాలయం లాంటి కేంద్ర సంస్థల్లో ఉన్నవాళ్ల దారి వేరు. కేంద్ర శాఖలకి 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్సు వర్తిస్తాయి, 149వ రూలు ప్రకారం జెమ్ పోర్టల్లో (ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ మార్కెట్లో) దొరికేవి అక్కడే కొనాలి. మీ సంస్థ సొంత కొనుగోలు కోడ్ ఏం చెబుతోందో కూడా పక్కన పెట్టుకుని చూడండి. చాలామంది గమనించని మెలిక ఇంకోటుంది. కేంద్ర శాఖలు కొనే ఖద్దరు, చేనేత బట్టల్ని ఖాదీ కమిషనుకి, గుర్తింపు పొందిన చేనేత సంస్థలకి రిజర్వు చేశారు. అందుకని కేంద్ర ఆఫీసు జైలు నుంచి బల్ల తెచ్చుకోవడం ఒక రకం, జంపఖానా తెచ్చుకోవడం ఇంకో రకం. బట్ట సరుకైతే ముందు మీ అకౌంట్సు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

ప్రభుత్వ శాఖే కదా, పోటీ రేట్లు ఎందుకు అని కొందరు ఒక్క కొటేషనుతోనే ఫైలు నడిపేస్తారు. మీ ఉత్తర్వులో జైలు సరుకుకి స్పష్టంగా మినహాయింపు ఉంటే ఆ పేరా నంబరు నోటులో రాసి నడపండి. లేకపోతే జైలు రేటు పక్కన బయటి కొటేషన్లు రెండు పెట్టండి. జైలు రేటు కాస్త ఎక్కువున్నా చెక్క రకమో, మందమో మెరుగ్గా ఉంటే ఆ మాట కమిటీ మినిట్సులో రాయించండి. ఆడిట్ అడిగేది కారణమే. అది కాగితం మీద ఉండాలి, మీరు నోటితో చెప్పేది పనికిరాదు.

బయటి కొటేషన్లు పెట్టమనడానికి నా వరకు ఇంకో కారణముంది. మన వీధిలో వడ్రంగి కూడా ఈ ఆర్డరు మీదే బతుకుతాడు. అతని కూలికీ జైలు కూలికీ పోటీ పెడితే అతను నెగ్గలేడు. అమెరికాలో ఈ గొడవ ఎప్పుడో వచ్చింది. అక్కడ 1934లో ఫెడరల్ ప్రిజన్ ఇండస్ట్రీస్ అనే సంస్థ పెట్టినప్పుడు, సరుకు బయటి మార్కెట్లోకి రాకుండా ప్రభుత్వ శాఖలకే అమ్మేలా కట్టడి చేశారు. మన దగ్గర అలా లేదు, జైలు దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. తీహార్ సరుకు టీజేస్ పేరుతో, తెలంగాణ జైళ్ల సరుకు మై నేషన్ పేరుతో జనానికి కూడా అమ్ముతున్నారు. అందుకే రేట్లు పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత మన మీద పడుతుంది.

కూలి ఎంత ఇస్తున్నారో అడగండి

ఈ ఒక్క మెట్టు దాదాపు అందరూ వదిలేస్తారు. జైలు రేటు తక్కువగా ఉంటే ఎందుకు తక్కువ? లాభం, షాపు అద్దె లేకపోవడం వల్ల అయితే మంచిదే. మనిషికి ఇవ్వాల్సిన కూలి ఇవ్వకపోవడం వల్ల అయితే ఆ మిగులు మీ ఆఫీసుది కాదు.

బలవంతపు చాకిరీని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు, కఠిన శిక్ష పడ్డవాళ్లతో పని చేయించడం తప్పు కాదంటూనే, ఆ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత బాధితుల కోసం పక్కన పెట్టేలా చట్టం చేయాలని చెప్పింది. రోజుకి తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదని ప్రిజన్స్ యాక్టు 35వ సెక్షను. అత్యవసరమైతే తప్ప, అదీ సూపరింటెండెంటు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప, దీనికి సడలింపు లేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో ఇంకో ముఖ్యమైన తీర్పు వచ్చింది. కులాన్ని బట్టి ఒకరికి వంట, ఒకరికి ఊడ్పు అని జైల్లో పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు చెప్పింది.

మీరు తనిఖీ అధికారి కాదు కదా, మరి ఎలా అడగాలి? ఆరా ఉత్తరంలోనే ఒక వాక్యం చేర్చండి: "ఈ సరుకు తయారీలో నైపుణ్యం ఉన్న, కొంత ఉన్న, లేని కేటగిరీల ఖైదీలకి ప్రస్తుతం అమల్లో ఉన్న రోజు కూలి రేట్ల ఉత్తర్వు ప్రతి జత చేయగలరు." మర్యాదగా ఉంటుంది, పని జరుగుతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మామూలు పౌరుడిగా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

శాంపిల్ చూడకుండా ఆర్డరు పెట్టొద్దు

ఒక బెంచీ, ఒక జంపఖానా శాంపిలుగా అడగండి. లేదా మీరే వెళ్లి చూసి రండి.

బెంచీ వచ్చాక ముందు దాన్ని తిరగేసి పెట్టండి. పాలిషు పైన ఎలాగూ బాగానే ఉంటుంది, చూడాల్సింది అడుగునే. అతుకుల దగ్గర స్క్రూలున్నాయా, ఉత్త మేకులేనా? మేకులైతే ఆరునెలల్లో ఊగుతుంది. పుస్తకాల అర అడుగున అరచేత్తో రాయండి. పిల్లల వేళ్లు వెళ్లే చోట పేళ్లు గుచ్చుకుంటే అక్కడ చిత్రిక పట్టలేదని అర్థం. మళ్లీ నిలబెట్టి, ఓ మూల పట్టుకుని ఏటవాలుగా గట్టిగా నెట్టండి. కిర్రుమంటే కాళ్ల మధ్య అడ్డకర్ర అడగండి. మన వైపు వానాకాలం తేమ ఎక్కువ. పచ్చి చెక్కతో చేసింది శ్రావణంలో బాగానే ఉండి మాఘంలో పలక మధ్య సందు పడుతుంది. వడ్రంగం నేర్పే మేస్త్రి "బాబూ, చెక్క ఇంకా ఆరలేదండి, కొంచెం ఆగండి" అంటే విసుక్కోకండి. ఆ మాట అన్న చోటే సరుకు బాగుంటుంది.

జంపఖానాకి తడి తెల్లగుడ్డ పరీక్ష చాలు. రంగు చారల మీద గట్టిగా రుద్దితే గుడ్డకి ఎరుపో నీలమో అంటుకుందంటే మొదటి ఉతుకులోనే చారలన్నీ కలిసిపోతాయి. అంచు దగ్గర పేక దారాలు వదులుగా ఉన్నాయేమో చూడండి, పిల్లలు లాగేది అక్కడే. ఫినాయిలుకి తయారీ తేదీ. పసుపు, కారం, మసాలా పొడుల్లాంటి తినే సరుకైతే ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. అది లేనిది హాస్టల్ వంటగదిలోకి రానివ్వద్దు, ఎవరు తయారు చేసినా సరే.

నచ్చిన శాంపిల్ మీద ఇద్దరూ సంతకం చేసిన చీటీ అతికించి మీ దగ్గరే ఉంచుకోండి. తర్వాత వచ్చే సరుకుని దానితోనే పోల్చాలి.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలి?

ఫిబ్రవరిలో బడ్జెట్ గుర్తొచ్చి మార్చి 31కల్లా సరుకు కావాలంటే జైలుకి రాయకండి. బయటి షాపువాడు గోడౌనులోంచి తీసిస్తాడు, జైల్లో ఆర్డరు వచ్చాకే చెక్క కొంటారు. ఆ చెక్క కొనడానికి వాళ్లకీ ఒక ఫైలు, ఒక మంజూరు కావాలి. ఈలోగా పనివాళ్లలో ఒకరు పెరోల్ మీద వెళ్తారు, ఒకరిని ఇంకో జైలుకి మారుస్తారు, ఇంకొకరి శిక్ష పూర్తవుతుంది. సాయంత్రం లెక్క చూసి లాకప్ చేసేస్తారు కాబట్టి ఓవర్‌టైము మాటే లేదు. మీరు చేయగలిగింది ముందుగా పెట్టడమే. కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఆరా, వేసవి సెలవుల్లో శాంపిల్, వానాకాలంలో ఆర్డరు అనుకుంటే శీతాకాలానికి సరుకు చేతికొస్తుంది. పెద్ద ఆర్డరు అయితే రెండు మూడు విడతలుగా ఇవ్వమని ఆర్డరులోనే రాయండి. మొదటి విడత చూశాక లోపాలు చెప్పడానికి వీలుంటుంది.

ముడిసరుకు కోసం జైలు వాళ్లు అడ్వాన్సు అడగొచ్చు. కేంద్ర ఆఫీసు వాళ్లు ప్రభుత్వ సంస్థకి కాంట్రాక్టు విలువలో 40 శాతం దాకా అడ్వాన్సు ఇవ్వొచ్చని పైన చెప్పిన 2017 రూల్సులో 172వ రూలు చెబుతోంది. రాష్ట్ర ఆఫీసుల వాళ్లు మంజూరు చేసే అధికారి అనుమతి లేకుండా పైసా ఇవ్వొద్దు. మార్చి ఆఖర్లో డబ్బు లాప్స్ అవుతుందని ట్రెజరీ నుంచి డ్రా చేసి బ్యాంకులో దాచడం మాత్రం అసలు చేయకండి. ఆడిట్ అభ్యంతరం వచ్చేది జైలు పేరు చూసి కాదు, ఇలాంటి పనులు చూసి.

లారీ ఏ దారిన వస్తుంది?

బరంపురం నుంచి పర్లాకిమిడికి సరుకు రావాలంటే రెండు దార్లు. దిగపహండి, తప్తపాణి ఘాట్, మోహన మీదుగా వస్తే ఒడిశాలోంచే రావొచ్చు. కానీ ఘాట్ మలుపుల్లో నిండు లోడు అంటే డ్రైవర్లు వెనకాడతారు. చాలామంది జాతీయ రహదారి 16 పట్టుకుని ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలోకి దిగి, పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా మళ్లీ ఒడిశాలోకి ఎక్కుతారు. సరుకు ఒడిశా జైలుది, కొనేది ఒడిశా ఆఫీసు, లారీ మాత్రం మధ్యలో ఇంకో రాష్ట్రం తిరిగొస్తుంది. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) ఉండాల్సిందే. రెండు చివర్లూ ఒకే రాష్ట్రం కదా అన్న వాదన దారిలో ఆపిన పన్నుల స్క్వాడ్ దగ్గర పనిచేయదు. బిల్లు ఎవరు తీస్తారో, లారీ కిరాయి ఎవరిదో ఆర్డరులోనే తేల్చుకోండి.

సరుకు తేవడానికి మీరే వెళ్తే పొద్దున్నే వెళ్లండి. ఆఫీసు ఐడీ కార్డు, అధికార పత్రం, లారీ నంబరు, డ్రైవరు పేరు ముందు రోజే జైలుకి పంపండి. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేయాలి. లోడు ఎత్తేవాళ్లకి టీ డబ్బులు, బీడీ కట్ట ఇవ్వడం మనకి అలవాటు. జైల్లో ఆ పని చేయకండి. నిషేధించిన వస్తువు లోపలికి ఇవ్వడం, రూల్సుకి విరుద్ధంగా ఖైదీతో మాట్లాడటం ప్రిజన్స్ యాక్టు 42వ సెక్షను కింద నేరం, ఆరు నెలల దాకా శిక్ష ఉంది. లోపల ఫోటోలు వద్దు, పేర్లు అడగొద్దు, ఏ కేసులో వచ్చావని అసలే అడగొద్దు.

బిల్లు, చలాను

సరుకు లెక్కపెట్టి, శాంపిలుతో పోల్చి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించాకే బిల్లు పాస్ చేయండి. చెల్లింపు ఏ పద్ధతిలో కావాలో జైలు ఇన్వాయిస్‌లో అడిగి రాయించుకోండి. ట్రెజరీ చలానా అయితే జైలు ఆదాయం పద్దు 0056. అందులో 102 అనే ఉపపద్దు జైలు తయారీ సరుకు అమ్మకాలది. ఈ నంబరు తప్పు పడితే డబ్బు ప్రభుత్వ ఖాతాలోకే వెళ్తుంది గానీ జైలు పద్దులో కనపడదు. వాళ్లు "అందలేదు" అంటారు, మీరు "కట్టాం" అంటారు, ఏడాదంతా ఉత్తరాలే. అందుకే చలాను కాపీ ఆ రోజే వాళ్లకి పంపేయండి.

జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోంచి ముందే కోసే పన్ను) దగ్గర కూడా చాలామంది తడబడతారు. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం కోయడం మనకి అలవాటైపోయింది. కానీ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇద్దరూ ప్రభుత్వ శాఖలే అయితే ఆ కోత అక్కర్లేదని 2018 డిసెంబరు 31 నాటి 73వ నంబరు జీఎస్టీ నోటిఫికేషనులో ఉంది. దాని కాపీ బిల్లుకి జత చేస్తే ట్రెజరీలో ప్రశ్న రాదు.

యూనిఫాంల కుట్టుకూలి లాంటి సేవలకీ ఇదే వరస. తేడా ఒక్కటే, బట్ట మీరిస్తే ఎన్ని మీటర్లు ఇచ్చారో, ముక్కలు ఎన్ని తిరిగొచ్చాయో చీటీ రాసుకోవాలి.

ఏడాది తిరిగాక భౌతిక తనిఖీ చేసేటప్పుడు జైలు సరుకుని వేరే పేజీలో చూడండి. ఊగుతున్న బెంచీలు ఎన్ని, రంగు పోయిన జంపఖానాలు ఎన్ని అని లెక్క తీసి ఒక ఉత్తరం రాయండి. బయటి షాపువాడైతే ఫోన్ ఎత్తడు, సూపరింటెండెంటు ఆఫీసులో మీ ఉత్తరానికి డైరీ నంబరు పడుతుంది. రిపేరుకి పంపమంటారా, మనిషిని పంపిస్తారా, కొత్తది ఇస్తారా అని అడగండి. వచ్చిన జవాబుని వచ్చే ఏడాది ఇండెంటు ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి.